కందికట్టె తడక, పత్తికట్టె బోర్డు

దేవరకొండ దిక్కు మా చిన్నప్పుడు కలప కొని ఇల్లు కట్టినోళ్లు తక్కువ. వాసాలకు వేప, తుమ్మ. పైసలుంటే దర్వాజకు టేకు. మిగతాదంతా కందికట్టెనే. తడకలల్లి, ఎర్రమట్టిలో పేడ కలిపి రెండు దిక్కులా మెత్తితే గోడైపోయేది. వడ్లపని చేసే నా లెక్కన అది కూడా బోర్డే. సన్నపుల్లలు, వాటిని పట్టే జిగురు, ఇంకేం కావాలె?

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో యూరప్‌లో మంచి మాను కరువై, చెక్కపేళ్లను రెసిన్‌తో కలిపి వేడి ప్రెస్‌లో ఒత్తడం మొదలైంది. స్విట్జర్లాండ్ ఇంజినీరు ఫ్రెడ్ ఫార్ని బోర్డుకు పెట్టిన నోవోపాన్ పేరే తర్వాత మన పటాన్‌చెరు ఫ్యాక్టరీ మీదా కనబడింది. 1996 డిసెంబరులో గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు అడవుల నరికివేతకు పగ్గం వేసింది. ఆ తర్వాతి ఏండ్లలో నా పని మెల్లగా టేకు నుంచి బోర్డుకు మళ్లింది.

ఇటు ఊర్లో కట్టెకు పని పోయింది. 1999లో దీపం పథకంతో గ్యాసుపొయ్యిలు వచ్చాయి, తడకల ఇండ్లు సిమెంటువయ్యాయి. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చాక మెల్లమెల్లగా నల్గొండ, పాలమూరు ఆముదం చేలు చాలావరకు పత్తిచేలయ్యాయి. ఎకరానికి టన్ను దాకా వచ్చే పత్తికట్టెను ఇప్పుడు చేన్లోనే తగలబెడుతున్నాం. ఉంచితే గులాబీరంగు పురుగు భయమాయె.

ఆ కట్టె పీచు గట్టి కలపకు దగ్గరగా ఉంటుంది. 1924లో ముంబైలో మొదలై ఇప్పుడు సిర్కాట్ అనే పేరున్న పత్తి పరిశోధన సంస్థ దానితో బోర్డు చేసి చూపింది, నాగపూర్‌లో పైలట్ ప్లాంటు కూడా నడిపింది. కలప కాని పీచుతో చేసిన బోర్డుకూ ఐఎస్ 3087 ప్రమాణం ఉంది. ఇక అడ్డమేంది? రవాణా. కట్టె లారీ నిండుతుంది కానీ తూకానికి రాదు. రెండు మూడు నెలల్లోనే అంతా చేతికొస్తుంది, ఫ్యాక్టరీకి మాత్రం ఏడాది పొడుగునా కావాలె. వానలో తడిస్తే బూజు. షోలాపూర్ జిల్లాలో చెరకు పిప్పితో బోర్డు నడిచిందంటే, పిప్పి మిల్లు వాకిట్లోనే కుప్పపడుతుంది గనుక. మిర్యాలగూడ రైసు మిల్లుల్లో ఊక కూడా ఒకచోటే ఉంటుంది, కానీ దాన్ని బాయిలర్లు తినేస్తాయి. పైగా ఊకలోని సిలికా రంపం పండ్లను మొద్దుబారుస్తుంది.

కట్టెను చేను దగ్గరే చిప్స్‌గా నరికితే లారీ లెక్క మారుతుంది. పత్తి కొనే జిన్నింగు మిల్లులు ఆ నరికే మిషన్లు కొని రైతులకు కిరాయికియ్యాలె. నల్గొండ, పాలమూరు జిల్లాల్లో మొదలుపెట్టాల్సిన పని అదే.