పంట నష్టపోయిన రైతుకు ఇంటివారు, తోటి రైతులు ఎలా తోడుండాలి?

వెల్దుర్తి మండలంలో సాగు ఎక్కువగా వాన మీద, బోర్ల మీద ఆధారపడి ఉంటుంది. మిరప, పత్తి ముఖ్యమైన పంటలు. నారు, మందులు, కోత కూలీలు, కౌలు కలిపితే మిరపకు ఎకరాకు పెట్టుబడి లక్ష రూపాయలు దాటుతుంది. 2021-22లో నల్ల తామర పురుగు పూతను ఆశించి పల్నాడు ప్రాంతంలో మిరపను బాగా దెబ్బతీసింది. 2025 ఆరంభంలో ధర పడిపోవడంతో కేంద్రం క్వింటాకు 11,781 రూపాయలుగా మార్కెట్ జోక్యపు ధర ప్రకటించింది. ఇలాంటి ఏడాదిలో రైతు కుంగిపోతే మొదట ఆదుకోగలిగేది దగ్గరివారే.

కష్టకాలంలో దగ్గరివారి తోడు రెండు పనులు చేస్తుందని అమెరికా మనస్తత్వ పరిశోధకులు బ్రూక్ ఫీనీ, నాన్సీ కాలిన్స్ 2015లో వివరించారు. ఒకటి, మనిషికి ఆసరా ఇవ్వడం. రెండు, ఆ మనిషి మళ్లీ లేచి ముందుకన్నా గట్టిగా నిలబడేలా చేయడం. మన ఇళ్లలో ఓదార్పు దొరుకుతుంది కానీ, రెండో పనిని చాలాసార్లు మరచిపోతాం.

మొదట ఆసరా

• "ముందే చెప్పాను, వినలేదు" అనే మాట అనకండి. నల్ల తామర పురుగును మన దేశంలో తొలిసారి గుర్తించింది 2015లోనే. కొత్త పురుగు వల్ల వచ్చిన నష్టం రైతు చేతగానితనం కాదు.
• చెప్పేది పూర్తిగా వినండి. సలహా తర్వాత ఇవ్వొచ్చు.
• రైతు సోదరులారా, అప్పు సంగతి భార్యకు, ఎదిగిన పిల్లలకు దాచవద్దు. తెలియని బరువును ఎవరూ పంచుకోలేరు.

తర్వాత నిలబెట్టడం

• ఇద్దరూ కూర్చుని ఎవరికి ఎంత బాకీ, ఎంత వడ్డీ అన్నది కాగితం మీద రాయండి. ఎక్కువ వడ్డీ బాకీని ముందు తీర్చే దారి చూడండి. డ్వాక్రా సంఘంలో అప్పు దొరికే వీలుంటే అడగండి.
• కౌలు రైతు పంటసాగుదారు హక్కు పత్రం కోసం భూ యజమానితో మాట్లాడేటప్పుడు ఊరి పెద్ద ఒకరు వెంట వెళ్లండి.
• వచ్చే పంటను కలిసి నిర్ణయించండి. పొలమంతా మిరపే వేయకుండా కొంత కందికో జొన్నకో వదిలితే నష్టం ఒక్కసారిగా మీద పడదు.
• తామర పురుగు గట్టు దాటి పక్క చేలోకి పోతుంది. ఇరుగుపొరుగు రైతులు కలిసి పూత సమయంలో చేలు చూసుకుని, నీలి రంగు జిగురు అట్టలు పెట్టుకుంటే అందరికీ మేలు.
• నిర్ణయం మాత్రం రైతుదే. అన్నీ మీరే చేసేస్తే అతని ధైర్యం ఇంకా తగ్గుతుంది.

ఈ గుర్తులు కనిపిస్తే ఆలస్యం చేయవద్దు

నిద్ర, తిండి తగ్గడం, మనుషులకు దూరంగా ఉండటం, తాగుడు పెరగడం, "నేను లేకపోతే మీకే మేలు" అనడం, ఉన్నట్టుండి బాధ్యతలు అప్పగించడం ప్రమాద సూచనలు. "చనిపోవాలనిపిస్తోందా?" అని నేరుగా అడగండి. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు, మనసు విప్పే దారి దొరుకుతుంది. ఆ మనిషిని ఒంటరిగా వదలకండి. పురుగు మందులను ఇంట్లో నుంచి తీసి, తాళం వేసిన మరోచోట పెట్టి, తాళం చెవి ఇంకొకరి దగ్గర ఉంచండి. మందు తాగినట్లు అనుమానం వస్తే వాంతి చేయించకండి. వెంటనే 108కి ఫోన్ చేసి, మందు డబ్బాను ఆసుపత్రికి తీసుకెళ్లండి.

మనసు బాగోలేదనిపిస్తే టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. పంట సందేహాలకు కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551. మీ రైతు సేవా కేంద్రానికి రైతు ఒంటరిగా రాలేకపోతే తోడు రండి. ఈ ఏడాది పంట పోయిన ఇల్లు మీ వీధిలో ఉంటే, ఈ వారమే ఒకసారి వెళ్లి పలకరించండి.