పిన్ని బాలింత రోజులు

మా పిన్నికి రెండో కాన్పైన వారానికే నిద్ర పోయింది. రాత్రంతా పాటలు, తెల్లవారుజామున గిన్నెలు తోమడం, ఆపకుండా మాటలు. "బాలింతకి గాలి సోకింది" అని తాయెత్తు కట్టించారు. నెల తిరిగేసరికి మంచం పట్టి, పిల్లాడి వంక చూడటమే మానేసింది. అదే మా పెదనాన్న ఓసారి హుషారెక్కి పొలం అమ్మేస్తానంటే మర్నాడే పట్నం తీసుకెళ్లి డాక్టరుకి చూపించారు. ఇద్దరిదీ బైపోలార్ జబ్బే. పిన్నికి ఆ పేరు తెలిసేసరికి పదకొండేళ్లు గడిచాయి.

ఈ తేడా ఎందుకా అని చదవడం మొదలుపెట్టాను. 1854లో పారిస్‌లో ఫాల్రే అనే వైద్యుడు ఉద్రేకం, కుంగుబాటు ఒకే జబ్బులో వంతులవారీగా వస్తాయని వివరించాడు. ఆయన పనిచేసిన సాల్పెట్రియేర్ ఆడవాళ్ల ఆసుపత్రి. 1858లో మార్సే అనే మరో ఫ్రెంచి వైద్యుడు గర్భిణులకీ బాలింతలకీ వచ్చే మానసిక జబ్బుల మీద ఏకంగా పుస్తకమే రాశాడు. మా ఇంట్లో తాయెత్తు కట్టేనాటికే అది పాత సంగతన్నమాట!

1949లో ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ లిథియం వాడి ఉద్రేకం తగ్గించాడు. ఆయనది మాజీ సైనికుల ఆసుపత్రి. 1974లో డనర్, ఫీవ్ అనే వైద్యులు ఏడాదికి నాలుగుసార్లో, అంతకన్నా ఎక్కువో జబ్బు తిరగబెట్టేవారిని విడిగా గుర్తించారు. అలాంటివారిలో ఆడవాళ్లే ఎక్కువని తర్వాత తేలింది.

జబ్బు ఆడా మగా ఇద్దరికీ ఇంచుమించు సమానంగానే వస్తుందట. దాని నడకే వేరు. మగవాళ్లలో ఎక్కువగా ఉద్రేకంతో మొదలవుతుంది, అందరి కళ్లా పడుతుంది. ఆడవాళ్లలో తరచూ కుంగుబాటుతో మొదలై, ఒట్టి డిప్రెషన్ అనిపించుకుంటుంది. కాన్పయ్యాక మొదటి వారాలు మరీ ప్రమాదం.

ఇప్పుడు పిన్ని కూతురికి ఏడో నెల. "అత్తారింట్లో తెలిస్తే ఎలా, ఆసుపత్రిలో చెప్పొద్దు" అన్నారు పెద్దవాళ్లు. పిన్నే లేచి, "నేను చెప్తాను" అంది. చెప్పింది కూడా. డాక్టరమ్మ అంతా రాసుకుని, కాన్పు కాగానే మానసిక వైద్యుల చేత కూడా చూపిద్దామంది. రాత్రిళ్లు తల్లికి నిద్ర తప్పకూడదని గట్టిగా చెప్పింది.

అందుకే ఈసారి రాత్రి కాపలాకి వంతులు వేసుకున్నాం. మొదటి వంతు పిన్నిది, రెండోది నాది. మీ ఇంట్లోనూ ఇలాంటి కథ ఉంటే, కాన్పుకి ముందే డాక్టరు చెవిన వేయండమ్మా.