మెదడు కట్టకు గండి

1986 ఆగస్టులో భద్రాచలమువద్ద గోదావరి 75.6 అడుగులకు పొంగెను. నేడు ఆ ఊరిని కరకట్ట కాయుచున్నది. మెదడులోని ప్రతి కణమునకును అట్టి కట్ట కలదు. అది పలుచని పొర. దాని వెలుపల కాల్షియము లోపలికంటె సుమారు పదివేల రెట్లు అధికము.

1906లో జర్మను వైద్యుడు ఆల్జైమరు వర్ణించిన మతిమరపు వ్యాధిలో అమైలాయిడను మాంసకృత్తు మెదడున పేరుకొనును. అది కృత్రిమ పొరకు గండి కొట్టి కాల్షియమును విడుచుననియు, ట్రోమెథమిన్ అను రసాయనము ఆ గండిని పూడ్చుననియు 1993లో అమెరికాలో ఆరిస్పె, రోహాస్, పొలార్డు చూపిరి. 1996లో జింకునకును ఆ గుణము కనబడెను. వ్యాధికి ఈ గండ్లే మూలమా అనుటలో ఏకాభిప్రాయము లేదు. పూడ్చు మందు నేటికిని రోగికి అందలేదు.

అయినను ఖమ్మము అడవి అంచు పల్లెలలో పెద్దలు ఇంటిదారి మరచినచో, వయోధర్మమని ఊరకుండవలదని మా మనవి. థైరాయిడు, బి12 లోపములవలని మరపు చికిత్సకు లొంగవచ్చును. ముందుగా వైద్యునికి చూపుడు.