క్లచ్ మార్చినప్పుడు బెల్ హౌసింగ్ అలైన్‌మెంట్ చూసుకోండి

వానాకాలం దమ్ములకు ముందు ట్రాక్టర్ క్లచ్ మార్పించి, నాట్లు పూర్తికాకముందే మళ్లీ అదే పనికి మెకానిక్ దగ్గరికి వెళ్లే రైతులు మన బెల్లంపల్లి ప్రాంతంలో ఉన్నారు. ప్లేటు నాసిరకమని దుకాణదారుని తప్పుపడతాం. కానీ ఇంజన్‌కు, గేర్‌బాక్సుకు మధ్య ఉండే బెల్ హౌసింగ్ సరిగ్గా కూర్చోకపోతే ఎంత మంచి ప్లేటైనా త్వరగా పోతుంది. పత్తి, వడ్లు తోలే లారీ, డీసీఎంలకూ ఇదే వర్తిస్తుంది.

ఎందుకు ముఖ్యం?

ఇంజన్ క్రాంక్ షాఫ్ట్, గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ ఒకే గీతలో తిరగాలి. చాలా బండ్లలో ఇన్‌పుట్ షాఫ్ట్ కొన ఫ్లైవీల్ మధ్యలోని పైలట్ బేరింగ్‌లో కూర్చుంటుంది. హౌసింగ్ పక్కకు జరిగితే షాఫ్ట్ మీద ప్రతి చుట్టుకూ ఒత్తిడి పడుతుంది. ఇంజన్ నిమిషానికి 2000 చుట్లు తిరిగితే ఆ ఒత్తిడి కూడా నిమిషానికి 2000 సార్లు పడుతుంది.

ఈ లక్షణాలు గమనించండి

• క్లచ్ పూర్తిగా తొక్కినా గేరు గరగరమంటూ పడటం
• గేరు తనంతట తానే జారిపోవడం
• పైలట్ బేరింగ్ లేదా గేర్‌బాక్స్ ముందు బేరింగ్ మాటిమాటికీ పోవడం
• క్లచ్ ప్లేట్ మధ్యలోని స్ప్రింగులు విరగడం, పళ్లు ఒకవైపే అరగడం
• ఆయిల్ సీల్ కారి ప్లేటుకు నూనె అంటడం

వీటికి వేరే కారణాలూ ఉండవచ్చు. కానీ కొత్త క్లచ్ వేసిన కొద్ది రోజులకే కనిపిస్తే ముందు అలైన్‌మెంట్ అనుమానించండి.

బిగించే ముందు

1. ఇంజన్ వెనుక ముఖాన్ని, హౌసింగ్ ముఖాన్ని తుప్పు, మట్టి, పాత గ్యాస్కెట్ ముక్కలు లేకుండా శుభ్రం చేయించండి. ఒకచోట చిన్న పెళ్ల ఇరుక్కున్నా హౌసింగ్ మొత్తం వాలుతుంది.
2. డోవెల్ పిన్నులు చూడండి. హౌసింగ్‌ను సరైన చోట నిలిపేవి ఇవే, బోల్టులు కావు. పిన్ను వంగినా, అరిగినా, రంధ్రం పెద్దదైనా సరిచేయించాలి. పిన్ను తీసేసి బిగించనివ్వవద్దు.
3. పైలట్ బేరింగ్‌ను వేలితో తిప్పి చూడండి. గరుకుగా తిరిగితే మార్చండి.
4. క్లచ్ ప్లేటును కంటి అంచనాతో కాకుండా అలైన్‌మెంట్ షాఫ్ట్‌తో మధ్యకు తెప్పించండి. డ్యూయల్ క్లచ్ ట్రాక్టర్లలో రెండు ప్లేట్లూ ఒకే వరుసలో ఉండాలి.

డయల్ గేజ్‌తో కొలత

లారీల్లో హౌసింగ్ విడిగా ఇంజన్‌కు బిగిసి ఉంటే ఈ కొలత సులభం. బ్యాటరీ వైరు తీసి, డయల్ గేజ్‌ను ఫ్లైవీల్‌కు బిగించి, ఇంజన్‌ను చేతితో నెమ్మదిగా తిప్పాలి. ముల్లును ముందు హౌసింగ్ రంధ్రం లోపలి అంచుకు, తర్వాత ముఖానికి ఆనించి పై, కింద, రెండు పక్కల రీడింగ్ రాసుకోవాలి. ముఖం కొలిచేటప్పుడు క్రాంక్ షాఫ్ట్‌ను ఒకేవైపుకు నెట్టి ఉంచాలి.

పెద్ద లారీలకు సాధారణంగా వాడే హద్దు రంధ్రానికీ ముఖానికీ 0.20 మిల్లీమీటర్లు. మీ బండి మాన్యువల్‌లో వేరే లెక్క ఉంటే దాన్నే పాటించాలి. రంధ్రం రీడింగ్ మొత్తం 0.30 వస్తే హౌసింగ్ నిజంగా పక్కకు జరిగింది అందులో సగం, అంటే 0.15 మిల్లీమీటర్లు.

చాలా ట్రాక్టర్లలో హౌసింగ్ గేర్‌బాక్సుతో కలిసే ఉంటుంది. అప్పుడు ఫ్లైవీల్ ముఖం వంకర, డోవెల్ పిన్నుల పట్టు చూడటం ముఖ్యం.

కలిపేటప్పుడు

ట్రాక్టర్‌ను రెండుగా విడదీసినప్పుడు ఇంజన్ పక్కకు ఒరగకుండా ముందు ఇరుసు మీద రెండువైపులా చెక్క చీలికలు బిగించాలి. ఇటుకల మీద నిలపవద్దు, గట్టి స్టాండ్లు వాడాలి. రెండు భాగాలూ ఒకే ఎత్తులో ఉండేలా జాకీతో సరిచేసి దగ్గరకు నెట్టాలి. గేర్‌బాక్స్ బరువును ఇన్‌పుట్ షాఫ్ట్ మీద వేలాడనివ్వవద్దు.

అన్నిటికన్నా ముఖ్యం: హౌసింగ్ బోల్టులు బిగించక ముందే చుట్టూ సమానంగా ఆనాలి. సందు మిగిలితే ఆగి, షాఫ్ట్ పళ్లు కలిసేలా ఫ్లైవీల్‌ను కొద్దిగా తిప్పి మళ్లీ ప్రయత్నించాలి. బోల్టులతో లాగి సందు మూస్తే హౌసింగ్ చెవులు పగలవచ్చు, ప్లేటు వంగవచ్చు. ఆనిన తర్వాత ఎదురెదురు బోల్టులను విడతలుగా, టార్క్ రెంచ్‌తో బిగించాలి.

చివరగా క్లచ్ పెడల్ ఆట సరిచేసి, ఇంజన్ ఆన్ చేసి అన్ని గేర్లూ వేసి చూడండి. శబ్దం వస్తే పొలానికి తీసుకెళ్లవద్దు.

ఈ పని మే నెలలోనే చేయించుకోండి. జూన్‌లో దమ్ముల తొందర మొదలైతే మెకానిక్‌కు కొలిచే తీరిక ఉండదు, మనకు ఆగే ఓపిక ఉండదు. పని జరిగేటప్పుడు దగ్గరే ఉండి, పిన్నులు చూశారా, సందు లేకుండా ఆనిందా అని అడగండి. ఊళ్లో యువకులు ఈ పని నేర్చుకోదలిస్తే అనంతపురం జిల్లా గార్లదిన్నెలోని కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్ష సంస్థలో శిక్షణ ఇస్తారు.