అభ్రకపు దిబ్బలకు పశువుల యెరువు

ఉదయగిరి దుర్గము 1514లో శ్రీకృష్ణదేవరాయలకు వశమైన వృత్తాంతమును మన పిల్లలు సైతము వల్లింతురు. ఆ సీమలోనే నేల తన సారమును గోల్పోయిన వృత్తాంతమును జెప్పువారు మాత్రము మిక్కిలి యరుదు. మేమిచ్చట నా రెండవదానిని గొంత విచారింపదలచితిమి.

పెన్న వెలికొండలను జీల్చుకొని సోమశిలయొద్ద మైదానమున బ్రవేశించును. సోమశిల అనంతసాగరము మండలములోనిది. ఆ మండలము పేరే యొక చెఱువును స్మరింపజేయును. నీటిని గట్టి నేలను బోషించుకొన్న యీ సీమలోనే, పూర్వపు ఆత్మకూరు, రాపూరు, గూడూరు తాలూకాలలో, అభ్రకపు మేఖల వ్యాపించియున్నది. పందొమ్మిదవ శతాబ్దాంతమున నచ్చట త్రవ్వకములు సాగినవి. విద్యుత్పరికరములకు వలయు నా పచ్చచాయ రేకులు ఓడలెక్కి విదేశములకు బోయినవి. పలుగురాళ్లును, పొడియైన అభ్రకమును దిబ్బలుగా నిచ్చటనే మిగిలినవి. భారతదేశపు అభ్రకమును విరివిగా గొనుచుండిన సోవియట్ యూనియను 1991లో విచ్ఛిన్నమైన పిదప బేరమును సన్నగిల్లెను. పైమట్టిని వేఱుగా దాచి, త్రవ్వకము ముగిసినచోట మరల బఱపవలెనని 1988 నాటి ఖనిజ సంరక్షణాభివృద్ధి నియమములు విధించినవి గాని, అప్పటికే త్రవ్వి విడిచిన గోతులకు నా మట్టి యెచ్చటిది?

అట్టి దిబ్బపై మొక్క నాటి, ఛాయాచిత్రము దీయించుకొని మరలిపోవుట వనమహోత్సవ మనిపించుకొనవచ్చును. వనము మాత్రము కానేరదు. అచ్చట లోపించినది మొక్క కాదు, మన్ను. వాననీరు రాళ్లసందుల జాఱిపోవును. నత్రజని యత్యల్పము. బాగుగా జివికిన పశువులయెరువు నీటిని బట్టి నిలుపును. మొక్కకు బలిమి నిచ్చును. మంటిని మంటిగా జేయు సూక్ష్మజీవులకు నాహారమగును. పచ్చిపేడ తగదు, అది వేడెక్కి లేతవేళ్లను మాడ్చును, చెదలను బిలుచును.

ఈ యెఱుక క్రొత్తది కాదు. ఆఱవ శతాబ్దమున వరాహమిహిరుడు బృహత్సంహితయందలి వృక్షాయుర్వేదాధ్యాయమున, మేకల గొఱ్ఱెల పెంటికల పొడిని నువ్వులతోను పేలపిండితోను ఏడురాత్రులు నీట నాననిచ్చి చెట్లకు బోయుమనెను. (అందు గోమాంసమును గలదు, మన పండితులు కొందఱా పదమునొద్ద దగ్గి ముందునకు సాగుదురు.)

ఇంత తెలిసియు మనము పేడను పొయ్యిలో బెట్టితిమి. ఏల? 1889లో ఈ దేశమునకు వచ్చిన రసాయనశాస్త్రజ్ఞుడు వోల్కరు 1893 నాటి తన నివేదికలో జెప్పిన కారణము రైతు యజ్ఞానము కాదు, కట్టెల కఱవు. కావున వంటచెఱకునకై వనములు పెంచుడనెను. చెట్టు లేక పేడ కాలినది. పేడ కాలుటచే నేల క్షీణించి చెట్టు మొలవదాయెను. తరువాత 1924-31 నడుమ ఆల్బర్టు హోవర్డు ఇండోరులో చెత్తను పేడను పొరలుగా బేర్చి, తడిపి, తిరుగవేసి, మూడు నెలలలో నెరువు చేయు పద్ధతిని స్థిరపఱచెను.

ఇప్పుడు వంటవాయువు వచ్చి పిడకలు తగ్గినవి. ట్రాక్టరు వచ్చి యెద్దులును దగ్గినవి. అయినను, తన పేరుగల గొఱ్ఱెజాతికి బ్రసిద్ధికెక్కిన నెల్లూరు సీమకు చేలలో మందగట్టించుట తెలియనిది గాదు. ఆ మంద యొక కారు దిబ్బల చెంత నిలిచినచో నెరువు మోయు కూలి తప్పును. సింగరేణి బొగ్గుగనుల మట్టికుప్పలపై చెట్లు పెరుగుచుండగా నిచ్చట నసాధ్యమనుట చెల్లదు. వేళ్ల బొడిపెలలో నత్రజనిని గూర్చుకొను కానుగ, తుమ్మ ముందు నాటదగినవి. నెల్లూరునకు వాన యధికముగా ఈశాన్యఋతుపవనమున గురియును. ఆశ్వయుజమున గోతిలో నెరువు పడవలెనన్న ఆషాఢముననే కుప్ప వేయవలెను.