వేసవిలో కృష్ణాజలము

భవానీపురపు ఘాట్ల చెంత మండువేసవియందు సైతము కృష్ణాజలము నిలిచియుండుట కేవలము ప్రకృతిదత్తము గాదు. 1832-33 నాటి నందన కరవు గుంటూరు సీమను శ్మశానప్రాయ మొనర్చిన పిదప, కాటన్ దొర ప్రోద్బలమున, కెప్టెన్ ఓర్ పర్యవేక్షణమున, ఇంద్రకీలాద్రికిని సీతానగరపు కొండకును నడుమ 1855 నాటికి రాతి ఆనకట్ట పూర్తియై, సముద్రము పాలగుచున్న నీటిని ఇరుదరుల కాలువలకు మళ్లించెను. 1952లో దానికి గండి పడగా, 1957లో ప్రకాశం బ్యారేజి ఆ స్థానమును గైకొన్నది.

ఐనను వేసవిలో కాలువలు కట్టివేయుట డెల్టాకు అలవాటైన నియమము. కట్టుటకు ముందు లస్కరు తూము తలుపెత్తగా, నీరు పిల్లకాలువ పగుళ్లను తడుపుకొనుచు మెల్లగా వచ్చి ఊరి మంచినీళ్ల చెరువును నింపును. పశువులు దిగకుండ గట్టుచుట్టు ముళ్లకంప వేయుదురు. ఆ నీటితోనే ఊరు తొలకరిదాక బ్రదుకవలెను. ఇంతటి పొదుపెరిగిన సీమ, మైలవరపు కొండల బుడమేరు వాగును మాత్రము వరదనాడే స్మరించుట నాకు మిక్కిలి బాధాకరము. నిజమే, 2015 నుండి పట్టిసీమవద్ద తోడిన గోదావరిజలము పోలవరము కుడికాలువ వెంట వచ్చి, బుడమేరు మళ్లింపు కాలువ మీదుగా ఇబ్రహీంపట్నమువద్ద కృష్ణలో కలియుచున్నది. ఐనను అది ఖరీఫు నారుమళ్లకు వచ్చు నీరేగాని, బుడమేటి వేసవిధారకై ఉద్దేశించినది గాదు.