బేస్ గిటారు ఎంపిక, సర్దుబాటు

బేస్ గిటారు మంద్ర స్వరాలను పలికించే విద్యుత్ తంత్రీ వాద్యము. సాధారణముగా దీనికి నాలుగు తీగలు ఉంటాయి. మామూలు గిటారులోని లావుపాటి నాలుగు తీగల కంటే ఇవి ఒక స్థాయి కిందకు శ్రుతి చేయబడి ఉంటాయి. పాశ్చాత్య పద్ధతిలో ఈ తీగల పేర్లు ఇ, ఎ, డి, జి. అన్నిటికంటే లావుపాటి తీగ సెకనుకు సుమారు 41 సార్లు, సన్నని తీగ 98 సార్లు కంపిస్తుంది. ఈ వాద్యమును ఒంటరిగా వాయించేవారు తక్కువ. డ్రమ్ముల లయకూ, పాటలోని స్వరాలకూ నడుమ నిలిచి రెండింటినీ కలుపుట దీని ప్రధానమైన పని. కనుక దీనిని ఎంచుకొనేటప్పుడు గానీ, సరిచేసుకొనేటప్పుడు గానీ, తోటి వాద్యకారుల మధ్య ఇది ఎలా వినిపిస్తుందనేదే అసలు పరీక్ష.

చరిత్ర

పూర్వము ఈ పనిని మనిషెత్తు ఉండే డబుల్ బేస్ చేసేది. దానిని మోయుట కష్టము, బాకాలు, డ్రమ్ముల మధ్య వినుట ఇంకా కష్టము. 1930లలో అమెరికాలోని సియాటిల్ నగరములో పాల్ టట్‌మార్క్ అడ్డముగా పట్టుకొని వాయించదగిన విద్యుత్ బేస్‌ను తయారుచేసినాడు గానీ అది ప్రచారములోకి రాలేదు. 1951లో కాలిఫోర్నియాకు చెందిన లియో ఫెండర్ విడుదల చేసిన ప్రెసిషన్ బేస్‌తో ఈ వాద్యము స్థిరపడినది. వీణకు ఉన్నట్లే దీనికి మెట్లు ఉండుట వలన స్వరము ఖచ్చితముగా పలుకుతుంది. ఆ పేరు రావడానికి కారణము ఇదే. 1960లో అదే సంస్థ సన్నని మెడ గల జాజ్ బేస్‌ను విడుదల చేసినది.

జర్మనీకి చెందిన హాఫ్నర్ సంస్థ వయొలిన్ ఆకారపు బేస్‌ను బీటిల్స్ బృందములోని పాల్ మెకార్ట్‌నీ 1961లో హాంబర్గులో కొన్నాడు. రెండు వైపులా ఒకే ఆకారము కావడముతో ఎడమచేతి వాటము గల అతనికి అది నచ్చినది. 1972లో దొంగిలించబడిన ఆ వాద్యము తిరిగి అతనికి చేరినట్లు 2024లో ప్రకటించారు.

ఎంపిక

మొదట చూడవలసినది తీగ పొడవు. ఎక్కువ బేస్‌లలో ఇది 34 అంగుళాలు (సుమారు 86 సెం.మీ.). చేతులు చిన్నవైనవారికి 30 అంగుళాల పొట్టి బేస్ సులువు. హాఫ్నర్ బేస్ ఈ కోవకు చెందినదే. కొనే ముందు పట్టీ తగిలించుకొని కొద్దిసేపు నిలబడి వాయించి చూడవలెను. కొన్ని వాద్యాలలో తలభాగము బరువెక్కువై కిందకు వాలుతుంది. అటువంటి దానిని ఎడమచేతితో మోస్తూ వాయించుట నరకమే. ఐదవ తీగ ఉన్న బేస్ ఇంకా కింది స్వరాలను ఇస్తుంది గానీ, నేర్చుకొనేవారికి నాలుగు తీగలే చాలు.

దుకాణములో ఒంటరిగా వాయించినపుడు లోతుగా ఉరుముతూ, పైన తళతళలాడే ధ్వని ఎంతో ఇంపుగా ఉంటుంది. బృందములో అదే ధ్వని మాయమవుతుంది. కింది భాగమును పెద్ద డ్రమ్ము, పై భాగమును గిటారు, తాళాలు ఆక్రమించగా బేస్‌కు మిగిలేది మధ్య భాగమే. ఆంప్లిఫయరు మీద మధ్య స్వరాల మీటను తగ్గించి పెట్టుకొనే అలవాటు వలన "నా బేస్ వినపడుట లేదు" అంటూ శబ్దము పెంచేవారే ఎక్కువ. పెంచవలసినది శబ్దమును కాదు, ఆ మీటను. ఒంటరిగా కాస్త మొరటుగా తోచే ప్రెసిషన్ బేస్ ధ్వని ఇన్ని దశాబ్దాలుగా రికార్డింగులలో నిలిచి ఉండడానికి ఒక కారణము ఇదే.

తీగలు

గుండ్రని తీగ చుట్టిన తీగలు ఖంగున మోగుతాయి. బల్లపరుపు చుట్టు గల తీగలు మెత్తగా, మూగగా పలుకుతాయి. డెట్రాయిట్ నగరపు మోటౌన్ సంస్థ పాటలకు వాయించిన జేమ్స్ జేమర్సన్ రెండవ రకమును వాడేవాడు, వాటిని దాదాపు మార్చేవాడే కాదు. కుడిచేతి చూపుడు వేలు ఒక్కదానితోనే మీటేవాడు. అతని తీగలు మెట్లకు చాలా ఎత్తులో ఉండేవని చెబుతారు. ఇది అందరికీ అనుసరణీయము కాదు.

సర్దుబాటు

కొత్తవారు వేళ్ళ నొప్పితో వాద్యమును మూలన పెట్టుటకు తరచు కారణము వాద్యము చెడ్డది కావడము కాదు, సరిచేయకపోవడము. చవక బేస్ కూడా చక్కగా సర్దితే హాయిగా పలుకుతుంది. ఖరీదైనదైనా సర్దకపోతే గురగురలాడుతుంది. పనులను ఈ క్రమములోనే చేయవలెను, ఎందుకంటే ముందుది మారితే తరువాతిది మారుతుంది.

ముందుగా శ్రుతి చేయాలి. నాలుగు తీగలు కలిసి మెడను 70 కిలోలకు పైగా బలముతో లాగుతూ ఉంటాయి. ఆ లాగుడుకు ఎదురు నిలుచుటకే మెడ లోపల ట్రస్ రాడ్ అనే ఉక్కు కడ్డీ ఉన్నది. మొదటి మెట్టు వద్ద, చివరి మెట్టు వద్ద లావు తీగను నొక్కి పట్టి, ఎనిమిదవ మెట్టు వద్ద తీగకూ మెట్టుకూ మధ్య సందును చూడాలి. 0.3 మి.మీ., అనగా ఒక విజిటింగ్ కార్డు మందము ఉంటే చాలు. సందు ఎక్కువైతే కడ్డీని బిగించాలి, అసలు లేకపోతే వదులు చేయాలి. ఒక్కసారికి పావు చుట్టు కంటే ఎక్కువ తిప్పరాదు. మొరాయిస్తే బలము ఉపయోగించక, తెలిసినవారికి చూపించవలెను. కడ్డీ తెగితే మరమ్మత్తు ఖర్చు వాద్యము ఖరీదును మించవచ్చును.

తరువాత గుర్రము మీది చిన్న మరలతో తీగ ఎత్తును సరిచేయాలి. 17వ మెట్టు వద్ద లావు తీగకు సుమారు 2.4 మి.మీ., సన్న తీగకు 2 మి.మీ. మంచి ఆరంభము. గట్టిగా మీటేవారికి ఇంకొంచెము ఎత్తు కావలెను. చివరగా, 12వ మెట్టు మీద తీగను తాకీతాకనట్లు మీటిన స్వరమునూ, నొక్కి మీటిన స్వరమునూ పోల్చి చూడాలి. నొక్కినపుడు స్వరము హెచ్చుగా ఉంటే తీగ ఆనే దిమ్మను మెడకు దూరముగా జరపాలి, తగ్గితే దగ్గరకు.

వానాకాలములో చెక్క తేమను పీల్చుకొనుట వలన మెడ వంపు మారుతుంది. అందుచేత ఋతువు మారినపుడల్లా ఒకసారి చూసుకొనుట మేలు. బ్యాటరీతో పనిచేసే బేస్‌లలో వాయించుట ముగిసిన వెంటనే తీగ ప్లగ్గును ఊడదీయకపోతే బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది.

బృందములో వాదనము

బేస్ వాద్యకారునికి మొదటి మిత్రుడు డ్రమ్ములు వాయించేవాడు. అతని కుడికాలి దెబ్బతో స్వరము కలిస్తే రెండూ ఒకే వాద్యములా వినిపిస్తాయి. స్వరమును ఎప్పుడు మొదలుపెట్టాలనే దానితో పాటు ఎప్పుడు ఆపాలనేది కూడా తెలియాలి. మోగుతూ మిగిలిపోయిన తీగను ఎడమచేతి వేళ్ళతో అణచుట నేర్చినవారే పాటకు ఊపు ఇవ్వగలరు.

తెలుగు సినిమా పాటలలో ఈ వాద్యపు పాత్రను వినదలచినవారు ఇళయరాజా పాటలతో మొదలుపెట్టవచ్చును. ఆయన వాద్యకారులకు స్వరలిపిలో వ్రాసి ఇచ్చే సంగీత దర్శకుడు. ఆ పాటలలో బేస్ తనదైన మరొక రాగమును నడిపిస్తూ ఉంటుంది. ఎ.ఆర్.రెహమాన్ పాటలలో చెన్నైకి చెందిన కీత్ పీటర్స్ వాదనము ప్రసిద్ధము. చిన్న స్పీకర్లలో మంద్ర స్వరాలు సరిగా పలకవు, కనుక వీటిని మంచి హెడ్‌ఫోన్లతో వినవలెను.